ఎరువు తెచ్చిన లెక్కలు: మూత్రపిండ ద్రోణి క్యాన్సరుకు రసాయన చికిత్స – ఒక విమర్శ

రెండు సంవత్సరముల క్రిందట మా కళాశాల ప్రయోగశాలలో పనిచేసే అటెండరు ఒక పత్రిక నుండి కత్తిరించిన కాగితమును తెచ్చి నా బల్లమీద పెట్టినాడు. అతని తండ్రికి అప్పుడు 68 ఏండ్లు. మూత్రములో రక్తము పడుచుండగా పరీక్షలు చేయించినారు. కుడి మూత్రపిండములో గడ్డ ఉన్నదనీ, అది క్యాన్సరనీ, అప్పటికే ఊపిరితిత్తులకు ప్రాకినదనీ డాక్టర్లు చెప్పినారు. కీమోథెరపీ మొదలుపెట్టవలెనన్నారు. ఇంతలో బంధువొకరు ఈ కాగితమును వారి చేతిలో పెట్టినారు. కిడ్నీ క్యాన్సరుకు కీమోథెరపీ పని చేయదని అందులో స్పష్టముగా ఉన్నది. “సార్, మీరు సైన్సు చదివినవారు. ఇది నిజమేనా?” అని అతడు అడిగినాడు.

నేను చదివినాను. వ్యాసము శుభ్రముగా ఉన్నది. నాకు తెలిసినంతలో తప్పేమీ కనిపించలేదు. “నిజమేనయ్యా” అని తల ఊపినాను. వారు నాలుగు వారములు ఆగినారు. తరువాత వేరొక డాక్టరు బయాప్సీ కాగితమును చూచి, ఇది ఆ క్యాన్సరు కాదని చెప్పినప్పుడు గాని పొరపాటు ఎక్కడ జరిగినదో తెలియలేదు. ఆ వ్యాసము వ్రాసినవారు అబద్ధము వ్రాయలేదు. వారు ఒక వ్యాధిని గురించి వ్రాసినారు. ఆ పెద్దమనిషికి ఉన్నది మరొక వ్యాధి. రెండింటికీ తెలుగులో మనము పెట్టుకొన్న పేరు ఒక్కటే.

ఆ తరువాత ఈ వ్యాధిని గురించిన వైద్య పరీక్షల నివేదికలను సంపాదించి చదివినాను. చదివినకొలదీ ఒక సంగతి బోధపడినది. పేరు విషయములో మనము చేసిన పొరపాటు వంటిదే, మరికొంత సూక్ష్మమైనది, వైద్య గ్రంథములలో కూడ ఉన్నది. ఈ వ్యాధికి ఇచ్చే చికిత్సకు ఆధారమైన లెక్కలలో చాలభాగము మరొక అవయవము నుండి ఎరువు తెచ్చినవి. ఆ ఎరువు ఎంతవరకు చెల్లును, ఎక్కడ చెల్లదు అనునదే ఈ వ్యాసమునకు విషయము.

ఒక అవయవము, రెండు వ్యాధులు

మూత్రపిండమును నిలువుగా చీల్చి చూచినచో రెండు వేరువేరు భాగములు కనిపించును. వెలుపలి వైపున దట్టముగా ఉన్నది వడపోత భాగము. ఒక్కొక్క మూత్రపిండములో సుమారు పది లక్షల సన్నని వడపోత గొట్టములు ఉండును. రెండు మూత్రపిండములు కలిసి దినమునకు దాదాపు 180 లీటర్ల ద్రవమును వడగట్టి, అందులో నూటికి 99 పాళ్ళు తిరిగి రక్తములోనికి పంపివేయును. మిగిలిన లీటరున్నర మూత్రము లోపలి వైపున ఉన్న గరాటు వంటి ఖాళీలోనికి చేరును. దీనినే మూత్రపిండ ద్రోణి అందురు. అక్కడ నుండి మూత్రనాళము ద్వారా మూత్రము క్రిందనున్న మూత్రాశయమునకు దిగును.

వడపోత భాగములో పుట్టే క్యాన్సరు ఒకటి. సాధారణముగా కిడ్నీ క్యాన్సరు అని వ్రాసినప్పుడు మన రచయితల మనస్సులో ఉండునది ఇదే. సంఖ్యలో కూడ ఇదే చాల ఎక్కువ. దీనికి సాధారణ కీమోథెరపీ మందులు పనిచేయవనుట నిజమే. వేరే రకముల మందులు వాడుదురు.

ద్రోణిలో పుట్టునది రెండవది. ద్రోణి లోపలి గోడకు ఒక ప్రత్యేకమైన పొర ఉన్నది. మూత్రము నిండినప్పుడు సాగుచు, ఖాళీ అయినప్పుడు ముడుచుకొనుచు, మూత్రములోని విషములు శరీరములోనికి తిరిగి పోకుండ కాపాడునది ఈ పొరయే. ఇల్లంతటికీ ఒకే సున్నము వేసినట్లు, ద్రోణి మొదలుకొని మూత్రనాళము గుండా మూత్రాశయము వరకు ఇదే పొర పరచి ఉన్నది. కనుక ద్రోణిలో పుట్టిన క్యాన్సరు తన ప్రక్కనే ఉన్న వడపోత భాగపు క్యాన్సరుకు చుట్టము కాదు. దూరముగా ఉన్న మూత్రాశయపు క్యాన్సరుకు చుట్టము. దీనికి కీమోథెరపీ పనిచేయును. పూర్తిగా నయము చేయుట అరుదే గాని, గడ్డలను కుదించి ఆయుర్దాయమును పెంచగలదు.

ఈ పొరలో పుట్టే క్యాన్సర్లు నూటిలో 90 నుండి 95 వరకు మూత్రాశయములోనే కనిపించును. ద్రోణి, మూత్రనాళము కలిపి మిగిలిన 5 నుండి 10 మాత్రమే. ఈ చిన్న సంఖ్యయే తరువాతి చిక్కులన్నిటికీ మూలము.

ప్లాటినము చేసే పని

ఈ చికిత్సలో ప్రధానమైన మందు సిస్‌ప్లాటిన్. రసాయనశాస్త్రము చెప్పుకొనేవానికి దీనిని గురించి నాలుగు మాటలు చెప్పక గడవదు.

ఈ పదార్థమును 1845లోనే ఇటలీ దేశపు రసాయనజ్ఞుడు మికేలే పెయ్‌రోనే తయారుచేసినాడు. నూట ఇరువది ఏండ్లు అది పరీక్షా గ్రంథములలోని ఒక లవణముగానే ఉండిపోయినది. 1965లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయములో బార్నెట్ రోజెన్‌బర్గ్, ఆయన సహచరులు విద్యుత్ క్షేత్రములో బాక్టీరియా ఎట్లు పెరుగునో చూచుచుండిరి. బాక్టీరియా రెండుగా చీలుట మాని, దారముల వలె పొడుగుగా సాగుట కనిపించినది. కారణము విద్యుత్తు కాదు. ప్లాటినము కడ్డీలు కొద్దిగా కరిగి, ద్రవములోని అమ్మోనియము క్లోరైడుతో కలిసి ఏర్పరచిన సమ్మేళనమే ఆ పని చేసినదని తేలినది. కణవిభజనను ఆపేది క్యాన్సరును కూడ ఆపవచ్చునన్న ఊహతో ఎలుకలపై ప్రయోగించి 1969లో ఫలితములు ప్రకటించినారు. 1978లో అమెరికాలో దీనిని మందుగా అనుమతించినారు.

దీని అణువు చదునైన చతురస్రము. నడుమ ప్లాటినము, ఒక ప్రక్క రెండు అమ్మోనియాలు, మరొక ప్రక్క రెండు క్లోరిన్లు. రక్తములో క్లోరైడు ఎక్కువగా ఉండుటచే క్లోరిన్లు ఊడవు. కణములోపల క్లోరైడు తక్కువ. అక్కడ అవి ఊడిపోయి నీరు వచ్చి చేరును. అప్పుడు ప్లాటినము డి.ఎన్.ఎ. పోగుపై ప్రక్కప్రక్కన ఉన్న రెండు గ్వానిన్లను పట్టుకొని వంచివేయును. వంగిన పోగును కణము నకలు తీయలేక చచ్చును. క్లోరిన్లు ఎదురెదురుగా ఉండే తోబుట్టువు అణువు మాత్రము ఇట్లు చేయలేదు. ఒకే మూలకములు, ఒకే సంఖ్య, అమరిక మాత్రమే వేరు. ఒకటి మందు, మరొకటి కాదు.

ఇక దీని దోషము. ఈ మందు శరీరము నుండి బయటకు పోవు దారి మూత్రపిండమే. పోవుచు పోవుచు అక్కడి గొట్టముల కణములలో పేరుకొని వాటిని దెబ్బతీయును. సెలైనును లీటర్ల కొలది ఎక్కించి మూత్రమును పలుచబరచి ఇచ్చుట అలవాటైన తరువాతనే దీనిని ధైర్యముగా వాడగలిగినారు. చెవులకు, నరములకు కూడ ఇది హాని చేయును. మూత్రపిండములు చక్కగా ఉన్నవారికే ఇవ్వదగిన మందు, మూత్రపిండములోనే పుట్టిన క్యాన్సరుకు ప్రధానౌషధమైనది. ఈ విపరీతమును పాఠకులు గుర్తుంచుకొనవలెను.

నాలుగు మందుల నుండి రెండింటికి

1985లో న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ కేంద్రపు వైద్యులు నాలుగు మందుల కూర్పు ఒకటి ప్రకటించినారు. మెథోట్రెక్సేట్, విన్‌బ్లాస్టిన్, ఎడ్రియామైసిన్, సిస్‌ప్లాటిన్ – ఈ నాలుగూ కలిపి ఇచ్చుట. 1992లో అమెరికాలో ఈ కూర్పును సిస్‌ప్లాటిన్ ఒక్కదానితో పోల్చి చూచినారు. గడ్డలు కుదించుకొన్నవారు కూర్పు వాడినవారిలో నూటికి 39, సిస్‌ప్లాటిన్ ఒక్కటే వాడినవారిలో 12. మధ్యస్థ ఆయుర్దాయము 12.5 నెలలు, 8.2 నెలలు. మధ్యస్థమనగా సగము మంది అంతకు మించి బ్రతికినారు, సగము మంది అంతకు ముందే పోయినారు అని అర్థము. ఇది ఏ ఒక్క రోగికీ ఇచ్చిన గడువు కాదు. దీనిని గడువుగా అనువదించి వ్రాయుట మన పత్రికలలో తరచు జరిగే పొరపాటు.

నాలుగు మందుల కూర్పు బలమైనదే గాని క్రూరమైనది. నోటిపూత, తెల్లకణములు పడిపోయి విషజ్వరములు, కొందరికి మరణము. 2000లో జెమ్‌సిటాబిన్, సిస్‌ప్లాటిన్ అను రెండు మందుల కూర్పును దానితో పోల్చిన పెద్ద పరీక్ష ఫలితములు వెలువడినవి. 405 మంది పాల్గొన్నారు. మధ్యస్థ ఆయుర్దాయము రెండు మందుల వారికి 13.8 నెలలు, నాలుగు మందుల వారికి 14.8 నెలలు. తీవ్రమైన నోటిపూత నూటికి 1, 22. తెల్లకణములు పడి రక్తము విషమించుట నూటికి 1, 12. ఈ అంకెలు చూచి ప్రపంచమంతా రెండు మందుల కూర్పుకు మారినది. ఆ మార్పు మంచిదే. రోగి బాధ తగ్గినది.

కాని నివేదికను విమర్శక దృష్టితో చదివినచో రెండు సంగతులు కనిపించును. మొదటిది: ఆ పరీక్షను రూపొందించినది కొత్త కూర్పు సుమారు నాలుగు నెలలు అదనముగా బ్రతికించునా అని తేల్చుటకు. అట్టి తేడా కనబడలేదు. తేడా కనబడకపోవుటను సమానత్వముగా చదివినారు. ప్రయోగశాలలో మా విద్యార్థులు చేసే తప్పు ఇట్టిదే. కిలోలు తూచే కాటాపై రెండు ఉంగరములు పెట్టి, ముల్లు కదలలేదు కనుక రెండూ ఒకే తూకమనుట. కాటా చెప్పినది పెద్ద తేడా లేదని మాత్రమే. అయిదేండ్ల తరువాత బ్రతికి ఉన్నవారు నూటికి 13.0, 15.3 అని 2005లో వెలువడిన లెక్క కూడ ఆ మాటనే బలపరచినది గాని, సమానమని నిరూపించలేదు.

రెండవది మన విషయమునకు మరింత దగ్గరిది. ఆ నివేదిక శీర్షికలో ఉన్నది మూత్రాశయ క్యాన్సరు. పాల్గొన్నవారిలో అత్యధికులు మూత్రాశయ రోగులే. ద్రోణి రోగులు ప్రక్కన కూర్చున్న కొద్దిమంది. అయినను ఆ 13.8 నెలల అంకె ద్రోణి క్యాన్సరు రోగికి కూడ చికిత్సా సూత్రములలో ఆధారముగా నిలిచినది.

ఎరువుల సొమ్ము

ఎరువుల సొమ్ము బరువుల చేటు అని మన సామెత. పెండ్లికి పొరుగింటి హారము తెచ్చుకొన్నప్పుడు అది మెడకు సరిపోవచ్చును. కాని అది మనది కాదని మరచినప్పుడు చిక్కు వచ్చును. వైద్యములో ఎరువు తప్పనిసరి. వ్యాధి అరుదైనప్పుడు తగినంత మంది రోగులు దొరకరు. పొర ఒక్కటే, సూక్ష్మదర్శినిలో కణములు ఒక్క తీరుగనే కనిపించును. కనుక ఎరువు తెచ్చుకొనుట నేరము కాదు.

అయితే సామ్యము సంపూర్ణము కాదు. ద్రోణిలో పుట్టే గడ్డలలో ఎఫ్.జి.ఎఫ్.ఆర్.3 అను జన్యువులోని మార్పులు మూత్రాశయపు గడ్డలలో కంటె తరచుగా కనిపించును. పెద్దప్రేగు క్యాన్సరు వంశపారంపర్యముగా వచ్చే లించ్ లక్షణము గల కుటుంబములలో ద్రోణి క్యాన్సరు ప్రత్యేకించి ఎక్కువ. కారణములలో కూడ భేదమున్నది. అరిస్టొలోకిక్ ఆమ్లము గల మొక్కలు తిన్నవారికి మొదట మూత్రపిండములు చెడి, తరువాత ద్రోణిలో క్యాన్సరు వచ్చును. 1990ల మొదట బెల్జియములో సన్నబడుటకు ఇచ్చిన మూలికల వలన ఇది జరిగి లోకమునకు తెలిసినది. బాల్కన్ ప్రాంతపు పల్లెలలో తరతరములుగా ఉన్న మూత్రపిండ వ్యాధికి కూడ ఇదే కారణమని తరువాత తేలినది. మన ప్రాంతములో ఈశ్వరి అని పిలిచే తీగ ఆ ప్రజాతికి చెందినదే. నాటుమందుగా దానిని లోనికి తీసుకొనువారు ఈ సంగతి తెలిసికొనవలెను. ఇట్టి రోగికి క్యాన్సరు, చెడిన మూత్రపిండము రెండూ జంటగా వచ్చును. మూత్రాశయ రోగుల లెక్క ఇతనికి ఎట్లు సరిపడును?

రోగులు తక్కువ కనుక వేరుగా పరీక్ష చేయలేమనుట చిరకాలముగా వినబడిన సమాధానము. బ్రిటన్‌లోని వైద్యులు దీనికి క్రియతో జవాబు చెప్పినారు. 2012 నుండి 2017 వరకు 71 ఆసుపత్రులు కలిసి, కేవలము ద్రోణి, మూత్రనాళ రోగులనే 261 మందిని చేర్చుకొని పౌట్ అను పరీక్ష నడిపినవి. ఇది దూరప్రాంతములకు ప్రాకిన వ్యాధికి కాదు. శస్త్రచికిత్సతో గడ్డను తీసివేసిన తరువాత నాలుగు విడతల కీమోథెరపీ ఇచ్చుట మేలా, ఊరక కనిపెట్టి చూచుట మేలా అను ప్రశ్నకు. ఫలితములు 2020లో వచ్చినవి. మూడేండ్లకు వ్యాధి తిరుగబెట్టక ఉన్నవారు మందు తీసుకొన్నవారిలో నూటికి 71, తీసుకొననివారిలో 46. 2024లో వెలువడిన తుదిలెక్క ప్రకారము అయిదేండ్లకు బ్రతికి ఉన్నవారు నూటికి 66, 57. ఒక దేశపు ఆసుపత్రులు కలిసికట్టుగా పూనుకొన్నచో అరుదైన వ్యాధికి కూడ సొంత లెక్క సంపాదించవచ్చునని దీనివలన తెలిసినది. ముదిరిన వ్యాధి విషయములో ఇంత పెద్ద సొంత పరీక్ష రాలేదు. ద్రోణి రోగులు ఇప్పటికీ మూత్రాశయ రోగుల వెనుక వరుసలోనే లెక్కింపబడుచున్నారు.

60 అను గీత

ఎరువు చెల్లని చోట్లలో ముఖ్యమైనది మూత్రపిండపు బలము. నిమిషమునకు ఎన్ని మిల్లీలీటర్ల రక్తద్రవమును మూత్రపిండములు వడగట్టునో దానినిబట్టి ఈ బలమును కొలుతురు. ఆరోగ్యవంతునకు ఇది 100 ప్రాంతమున ఉండును. 60కి తక్కువైనచో సిస్‌ప్లాటిన్ ఇవ్వరాదని వైద్యులు సాధారణముగా పాటించే గీత.

ద్రోణి క్యాన్సరు రోగికి ఈ గీత దాటుట ఎంత కష్టమో చూడుడు. వ్యాధి తరచుగా వచ్చునది 60, 70 ఏండ్ల వయస్సులో. గడ్డ మూత్రపు దారిని మూసి ఒక మూత్రపిండమును చెరచును. చికిత్సగా ఆ మూత్రపిండమును, మూత్రనాళముతో సహా, తీసివేయుదురు. అమెరికాలో 2010లో ప్రకటించిన పరిశీలనలలో శస్త్రచికిత్సకు ముందు రమారమి సగము మంది ఈ గీతకు పైన ఉండగా, తరువాత అయిదవ వంతు మంది మాత్రమే మిగిలినారు. మూత్రాశయమును తీసివేసినవానికి మూత్రపిండములు రెండూ ఉండును. ద్రోణి రోగికి ఒకటే ఉండును. అందువలననే, శస్త్రచికిత్స చేయదగిన రోగికి మందు ముందు ఇవ్వవలెనా, తరువాత ఇవ్వవలెనా అను వాదము ఈ వ్యాధిలో ఇంత తీవ్రమైనది. ముదిరిన వ్యాధిలో కూడ మూసుకొన్న దారికి సన్నని గొట్టము వేసి మూత్రమును వదలగొట్టి, మూత్రపిండము కొంత కోలుకొన్న తరువాత మందు నిర్ణయించుట కలదు.

ఇక్కడ మనవారికి తెలియవలసిన ఉచ్చు ఒకటున్నది. రక్తపరీక్ష కాగితములో క్రియాటినిన్ 1.2 అని ఉండును. ప్రక్కన సాధారణ పరిమితిలోనే ఉన్నదని ముద్రించి ఉండును. రోగి బంధువులు సంతోషింతురు. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనువారు ఇచ్చిన సులభమైన సూత్రముతో లెక్కవేయుడు. 140 నుండి వయస్సును తీసివేసి, బరువుతో గుణించి, క్రియాటినిన్‌ను 72తో హెచ్చవేయగా వచ్చిన దానితో భాగింపవలెను. ఇది పురుషులకు, స్త్రీలకు వచ్చిన ఫలితమును 0.85తో గుణింపవలెను. 30 ఏండ్లు, 70 కిలోలు గల యువకునికి 1.2 ఉన్నచో జవాబు 89. మా అటెండరు తండ్రికి 68 ఏండ్లు, 50 కిలోలు, అదే 1.2. జవాబు 42. కాగితముమీద ఒకే అంకె. ఒకరు గీతకు ఎంతో పైన, మరొకరు ఎంతో క్రింద. కండ తక్కువ ఉన్న ముదుసలి శరీరములో క్రియాటినిన్ తక్కువగా పుట్టును గనుక, మూత్రపిండము చెడినను అంకె పెరగదు.

గీతకు క్రింద ఉన్నవారికి సిస్‌ప్లాటిన్ బదులు కార్బోప్లాటిన్ ఇత్తురు. అది మూత్రపిండములకు అంత హాని చేయదు. ఇట్టి రోగులనే 238 మందిని తీసుకొని ఐరోపాలో జరిపిన పరీక్ష తుది ఫలితములు 2012లో వచ్చినవి. జెమ్‌సిటాబిన్, కార్బోప్లాటిన్ తీసుకొన్నవారి మధ్యస్థ ఆయుర్దాయము 9.3 నెలలు. దీనిని పైన చెప్పిన 13.8 నెలల ప్రక్కన పెట్టి, కార్బోప్లాటిన్ వలన నాలుగున్నర నెలలు నష్టమని తీసివేత చేయుట కద్దు. ఈ తీసివేత చెల్లదు. మొదటి పరీక్షలోనివారు సిస్‌ప్లాటిన్‌ను తట్టుకొనగలవారు. రెండవ పరీక్షలోనివారు చెడిన మూత్రపిండములతోనో, నీరసముతోనో వచ్చినవారు. తేడాలో మందు వంతెంత, మనిషి వంతెంత అని ఈ రెండు అంకెలను బట్టి చెప్పలేము. మైలమీద పరుగెత్తినవానిని, కొండమీదికి ఎక్కినవానిని ఒకే గడియారముతో పోల్చుట వంటిది ఇది.

ఇట్టిదే మరొకటి. 2020లో అవెలుమాబ్ అను మందును కీమోథెరపీ తరువాత కొనసాగింపుగా ఇచ్చి చూచిన పరీక్షలో మధ్యస్థ ఆయుర్దాయము 21.4 నెలలని, మందు లేనివారికి 14.3 అని తేలినది. మందు మేలు చేసినది నిజమే. కాని ఈ నెలలను లెక్కించినది కీమోథెరపీ ముగిసిన తరువాత నుండి. అదియును ఆ కాలములో వ్యాధి పెరగనివారిలోనే. పాత అంకెల ప్రక్కన వీటిని పెట్టువారు గడియారము ఎక్కడ మొదలైనదో చెప్పవలెను.

కీమో యుగము ముగిసినదా?

2023 అక్టోబరులో మాడ్రిడ్ నగరమున జరిగిన ఐరోపా క్యాన్సరు వైద్యుల సభలో ఒక ఫలితము ప్రకటింపబడినది. 886 మంది రోగులలో సగము మందికి ఎన్‌ఫర్టుమాబ్ వెడోటిన్, పెంబ్రోలిజుమాబ్ అను రెండు కొత్త మందులు, మిగిలినవారికి పాత ప్లాటినము కీమోథెరపీ ఇచ్చినారు. మధ్యస్థ ఆయుర్దాయము 31.5 నెలలు, 16.1 నెలలు. దాదాపు రెట్టింపు. ముప్పది ఏండ్లలో ఈ వ్యాధిలో ఇంత తేడా ఎవరును చూడలేదు. పాల్గొన్నవారిలో రమారమి నాలుగవ వంతు ద్రోణి, మూత్రనాళ రోగులు. వారిని వేరుచేసి చూచినను మేలు అదే దిశలో కనబడినది. మూత్రపిండపు బలము 30 వరకు ఉన్నవారిని కూడ చేర్చుకొన్నారు. 60 అను గీతకు క్రింద నిలిచిపోయినవారికి ఇది నిజముగా శుభవార్త.

దీనితో కీమో యుగము ముగిసినదని కొందరు వ్రాసినారు. ఈ మాట రెండు విధముల సరికాదు. ఎన్‌ఫర్టుమాబ్ వెడోటిన్‌లో రెండు భాగములున్నవి. ఒకటి క్యాన్సరు కణపు గోడపై ఉన్న గుర్తును వెదకి పట్టుకొనే ప్రతిరక్షకము. రెండవది దానికి వ్రేలాడదీసిన విషము. ఈ విషమునకు మూలరూపము సముద్రపు నత్తజాతి జీవి ఒకదానిలో దొరికిన పదార్థము. కణవిభజన వేళ కణములో ఏర్పడే సన్నని గొట్టములను ఇది చెడగొట్టును. 1985 నాటి నాలుగు మందులలోని విన్‌బ్లాస్టిన్ చేసినదియు ఆ పనియే. అనగా విషము పోలేదు. దానిని చిరునామా వ్రాసిన కవరులో పెట్టి పంపుచున్నారు. అప్పుడప్పుడు కవరు తప్పు ఇంటికి కూడ చేరును. చర్మముపై దద్దులు, చేతికాళ్ళ తిమ్మిరి, రక్తములో చక్కెర పెరుగుట దీని దోషములు.

రెండవ కారణము ధర. ఈ కొత్త మందుల ఖరీదు మన సామాన్య కుటుంబమునకు అందేది కాదు. జెమ్‌సిటాబిన్, సిస్‌ప్లాటిన్, కార్బోప్లాటిన్ మన దేశపు కంపెనీలే తయారు చేయుచున్నవి. జిల్లా నుండి పెద్దాసుపత్రికి వచ్చిన రోగి చేతికి నేడును అందుచున్నవి ఇవే. లండనులోనో న్యూయార్కులోనో ముగిసిన యుగము మన వార్డులో ముగియలేదు. కనుక పాత మందులను సరిగా, సరియైన రోగికి, సరియైన మోతాదులో ఇచ్చుట ఎట్లో తెలిపే వ్రాతల అవసరము మనకు తీరలేదు.

మన వ్రాతలకు మూడు ప్రశ్నలు

తెలుగులో వైద్యవిషయములు వ్రాయువారిని – నన్ను కూడ కలుపుకొని – మూడు ప్రశ్నలు అడుగదలచినాను. వ్యాధి పేరు వ్రాసినప్పుడు అవయవముతో ఆగితిమా, ఏ పొరలో పుట్టినదో కూడ చెప్పితిమా? కిడ్నీ క్యాన్సరు అని ఒకచోట వ్రాసి ఊరుకొనక, వడపోత భాగపు క్యాన్సరు, ద్రోణి క్యాన్సరు అని విడదీసి వ్రాయుటకు రెండు మాటలు ఎక్కువ పట్టును. అంతే. అంకె ఇచ్చినప్పుడు అది ఎవరి అంకె, ఏ రోగుల నుండి వచ్చినది, ఎప్పటి నుండి లెక్కించినది అని చెప్పితిమా? మందు పేరు చెప్పినప్పుడు అది ఎవరికి ఇవ్వరాదో చెప్పితిమా?

ఇవి పెద్ద పాండిత్యము అడిగే ప్రశ్నలు కావు. మా విద్యార్థులు ప్రయోగ ఫలితమును వ్రాయునప్పుడు ఉష్ణోగ్రత, పీడనము వ్రాయనిచో మార్కులు తగ్గింతుము. ప్రమాణములు లేని అంకె అంకె కాదని తరగతిలో చెప్పుచు, రోగి చేతికి వచ్చే కాగితములో ఆ నియమమును మరచుట తగునా?

మా అటెండరు తండ్రికి చివరకు కార్బోప్లాటిన్, జెమ్‌సిటాబిన్ ఇచ్చినారు. మూడవ విడత తరువాత తీసిన స్కానులో గడ్డలు కుదించుకొన్నవి. రక్తము పడుట ఆగినది. ఎనిమిది నెలలు ఇంటి ముందు అరుగుమీద కూర్చుండి పేపరు చదువుకొన్నాడు. తరువాత వ్యాధి మరల పెరిగినది; పోయిన వేసవిలో కాలము చేసినాడు. దినముల తరువాత అటెండరు పనిలోనికి వచ్చి, బీకర్లు కడుగుచు, “సార్, ఆ నాలుగు వారాలు ఆగకుండ ఉంటే?” అని అడిగినాడు.

నాలుగు వారములు ముందు మొదలుపెట్టిన ఆ ఒక్క మనిషి ఎన్ని దినములు ఎక్కువ బ్రతికి ఉండునో ఏ పరీక్షయు చెప్పలేదు. మధ్యస్థములు గుంపును గురించి మాట్లాడును, ఒక్కని గురించి కాదు. ఆ మాటయే అతనికి చెప్పినాను. కాని ఆగుటకు కారణము వ్యాధి కాదు, మందు లేకపోవుట కాదు, డబ్బు కూడ కాదు. ఒక పేరు, దానిని చదివి తల ఊపిన నేను. ఆ కాగితము ఇంకను నా బల్ల సొరుగులో ఉన్నది. దాని అంచున ద్రోణి అని ఎర్రసిరాతో వ్రాసి పెట్టుకొన్నాను.